బంధువు సంతకం

(షోలాపూరు తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక పురపాలక అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను పురపాలక కార్యాలయంలో అనువాదకురాలిని. మరాఠీలో వెలువడే నోటీసులను, కరపత్రాలను, దరఖాస్తు నమూనాలను తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. నీటిపన్ను గడువు, పసిపిల్లల టీకాల తేదీలు, జనన మరణాల నమోదు నియమాలు మీ ఇంటికి తెలుగులో చేరి ఉంటే, వాటిలో కొన్ని నా చేతిమీదుగా వచ్చినవే.

మూడేళ్ల క్రితం నా బల్లమీదికి ఒక కరపత్రం వచ్చింది. పెళ్లి కానివారు, భార్యనో భర్తనో కోల్పోయినవారు, విడాకులు పొందినవారు బిడ్డను దత్తత తీసుకొనే పద్ధతి అందులో ఉంది. శీర్షికలో ‘ఏకల్ పాలక్’ అన్న మాట ఉంది. మరాఠీలో పాలక్ అంటే తల్లి గాని తండ్రి గాని. దానిని ఉన్నదున్నట్లు ‘ఏకైక పాలకుడు’ అని రాస్తే, మనవాళ్లు ఏ రాజుగారి సంగతో అనుకొంటారు. ‘ఒంటరి తల్లి’ అని రాయబోతే, ఆ మాట వినగానే మనకు జాలి పుడుతుంది. నియమావళిలో జాలికి చోటు లేదు. చివరికి ‘ఒక్కరే తల్లిగానో తండ్రిగానో బిడ్డను పెంచదలచినవారు’ అని పొడవుగా రాశాను. పై అధికారి నవ్వి, శీర్షిక రెండు వరుసలైందన్నారు గాని మార్చమనలేదు.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఆ కరపత్రాన్ని మీకోసమే కాక నాకోసం కూడా చదువుతున్నానని ఆనాడు ఎవరికీ చెప్పలేదు. ఈనాడు మీ ముందు చెబుతున్నాను. చట్టం సంగతి కొంత, నా సంగతి కొంత చెప్పి, చివర మిమ్మల్ని ఒకటి అడుగుతాను.

దత్తత మనకు కొత్త కాదు. అయితే మన పూర్వపు ధర్మశాస్త్రంలో అది బిడ్డ కోసం కంటె వంశం కోసం, పిండప్రదానం కోసం ఏర్పడిన ఏర్పాటు. తీసుకొనేవాడు పురుషుడు, దత్తతకు వచ్చేవాడూ మగపిల్లవాడే. స్త్రీ తన పేరిట, తనకోసం బిడ్డను తెచ్చుకొనే మార్గం అందులో సాధారణంగా లేదు. భర్త పోయిన స్త్రీ దత్తత తీసుకొన్నా ఆ పిల్లవాడు చనిపోయిన భర్తకు కొడుకుగానే లెక్క. మద్రాసు రాజధానిలో, 1868లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పిన రామనాథపురం కేసు తరువాత, భర్త అనుమతి ఇవ్వకుండా మరణించినప్పటికీ సపిండుల అంగీకారం ఉంటే వితంతువు దత్తత తీసుకోవచ్చునన్న నియమం స్థిరపడింది. అంటే ఆమె బిడ్డను ఎత్తుకోవాలంటే భర్త తరఫు జ్ఞాతులు సరేననాలి. ఆస్తిలో వాటా పోతుందనుకొన్న జ్ఞాతి సరేనంటాడా? 

మనం నివసిస్తున్న ఈ మహారాష్ట్రలోనే మరొక కథ ఉంది. జోతీరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులకు సంతానం కలగలేదు. వంచనకు గురై, గర్భవతియై దిక్కులేక వచ్చిన ఒక బ్రాహ్మణ వితంతువుకు వారు ఆశ్రయం ఇచ్చారు. ఆమె కన్న బిడ్డను 1874లో దత్తత తీసుకొని యశ్వంత్ అని పేరు పెట్టి చదివించారు. అతడు వైద్యుడయ్యాడు. 1890లో జోతీరావు మరణించినప్పుడు, అంత్యక్రియలలో నిప్పుకుండ పట్టే అర్హత దత్తపుత్రునికి లేదని దాయాదులు అడ్డుపడ్డారని చెబుతారు. అప్పుడు సావిత్రీబాయి ఎవరినీ బతిమాలక, తానే ఆ కుండ పట్టుకొని ముందు నడిచింది. 1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు ఆ తల్లీకొడుకులే కలిసి రోగులకు సేవ చేశారు. ఆ సేవలోనే సావిత్రీబాయికి ప్లేగు సోకి మరణించింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డ అన్న ప్రశ్నకు ఇంతకుమించిన జవాబు నాకు తెలియదు. అయినా దాయాదులు అడ్డుపడిన ఘట్టాన్ని మరువలేము. దత్తత కాగితం ఎంత గట్టిదైనా, కుటుంబం తలుపు మూసివేస్తే ఆ బిడ్డ గడప బయటనే నిలబడవలసి వస్తుంది.

1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం పాత పద్ధతిని మార్చింది. పెళ్లి కాని స్త్రీ గాని, వితంతువు గాని, విడాకులు పొందిన స్త్రీ గాని తనకోసం కొడుకునో కూతురినో దత్తత తీసుకోవచ్చునని చెప్పింది. జ్ఞాతుల అంగీకారం అక్కరలేదు. దత్తహోమం చేయకపోయినా దత్తత చెల్లుతుంది. బిడ్డకోసం డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రం నిషిద్ధం. బంధువుల బిడ్డను దత్తత తీసుకొనే కుటుంబాలు నేటికీ ఎక్కువగా ఈ చట్టాన్నే అనుసరిస్తున్నాయి. హిందువులు కానివారికి ఇటువంటి దారి చాలాకాలం లేదు. బాలల న్యాయచట్టం ప్రకారం ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తరువాత 2015లో వచ్చిన కొత్త బాలల న్యాయచట్టం, 2022 నాటి దత్తత నిబంధనలు అనాథలైన, విడిచిపెట్టబడిన, తల్లిదండ్రులు అప్పగించిన పిల్లల దత్తతకు దేశమంతటా ఒకే పద్ధతిని ఏర్పరచాయి.

ఆ పద్ధతిని క్రమంగా చెబుతాను.

దత్తత కోరేవారు కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. కంప్యూటరు తెలియనివారికి జిల్లా బాలల సంరక్షణ విభాగం సాయం చేస్తుంది. ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీకి రుజువు, చిరునామాకు రుజువు, ఆదాయానికి రుజువు, వైద్యుని ధ్రువపత్రం కావాలి. విడాకులు పొందినవారైతే కోర్టు డిక్రీ, భార్యనో భర్తనో కోల్పోయినవారైతే మరణ ధ్రువపత్రం జతపరచాలి. ఇంత ఆదాయం ఉండాలని చట్టం అంకె చెప్పలేదు. సొంత ఇల్లు ఉండాలనీ అనలేదు. బిడ్డను పోషించగలిగిన స్థితి, ఆరోగ్యం, మనసు ఉండాలన్నది.

తరువాత సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి పరిశీలిస్తారు. కాగితాలు అందిన అరవై రోజులలో ఈ గృహ పరిశీలన నివేదిక పూర్తి కావాలి. అది మూడేళ్ల వరకు చెల్లుతుంది. ఆపైన నిరీక్షణ. వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, ఆరోగ్య వివరాలు, పుట్టుపూర్వాల నివేదిక చూపిస్తారు. నలభై ఎనిమిది గంటలలో సమ్మతి తెలపాలి. ఆ తరువాత బిడ్డను స్వయంగా చూసి నిర్ణయించుకోవచ్చు. ఒప్పుకొంటే, తుది ఉత్తర్వుకు ముందే బిడ్డను పెంపకం కింద ఇంటికి తెచ్చుకోవచ్చు. పూర్వం కోర్టు ఇచ్చే దత్తత ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఆ ఉత్తర్వుతో ఆ బిడ్డ అన్ని విధాలా, వారసత్వంతో సహా, మన బిడ్డే. అటుపై రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి వచ్చి బిడ్డ క్షేమం విచారిస్తారు.

ఒక్కరే దరఖాస్తు చేసుకొంటే వయసు లెక్క ఇలా ఉంటుంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే తల్లికి గాని తండ్రికి గాని 40 ఏళ్లు దాటరాదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 45. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 50. ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 55. బిడ్డకూ పెద్దవారికీ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. నమోదు పూర్తయిన నాటి వయసునే లెక్కలోకి తీసుకొంటారు. ఈ చివరి మాటను దయచేసి గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా దత్తత తీసుకోవచ్చు. పురుషుడు ఒంటరివాడైతే ఆడపిల్లను తీసుకోరాదు. మేనక విడిచివెళ్లిన పసికందును పక్షులు కాపాడుతుంటే చూసి, ఆశ్రమానికి ఎత్తుకువచ్చి, శకుంతల అని పేరు పెట్టి పెంచిన కణ్వమహర్షి ఈనాడు దరఖాస్తు పెట్టుకొంటే ఆ బిడ్డను ఇవ్వరు. ఆడపిల్లల రక్షణ కోసం పెట్టిన నియమమని అందరికీ తెలుసు. అయినా అత్తవారింటికి శకుంతలను సాగనంపుతూ గొంతు పూడిపోయిన ఆ తండ్రిని తలచుకొన్నప్పుడు, బిడ్డను పెంచే మనసు ఆడవారి సొత్తు మాత్రమే కాదని మన కథలే ఒప్పుకొన్నాయనిపిస్తుంది. మగపిల్లవాడి కోసం దరఖాస్తు పెట్టుకొన్న ఒంటరి పురుషుడు మీకు ఎదురైతే అతణ్ణి అనుమానంగా చూడకండి.

ఇప్పుడు నా సంగతి.

నేను జతపరచవలసిన కాగితాలలో అన్నీ నెల రోజులలో సమకూరాయి, ఒక్కటి తప్ప. ఒంటరిగా దత్తత తీసుకొనేవారికి ఏదైనా జరిగితే బిడ్డను తాను చూసుకొంటానని ఒక బంధువు రాసి ఇచ్చే హామీపత్రం అది. దాని తెలుగు నమూనా రాసింది నేనే. మరాఠీ కరపత్రంలో ‘అఘటిత్’ అన్న మాట ఉంటే ‘అనుకోని ఆపద సంభవించినచో’ అని తర్జుమా చేశాను. 

మా అక్కను సిరిసిల్లకు ఇచ్చారు. మా బావ మరమగ్గాల కార్మికుడు. మా బాపు కూడా ఆ పనిమీదే సిరిసిల్ల నుంచి షోలాపూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మీలో చాలామంది కథ అదే. బాపు పోయాడు, అమ్మ నా దగ్గరే ఉంటుంది. అందువల్ల సంతకం చేయదగిన దగ్గరి బంధువు అక్కే. ఆ కాగితం పట్టుకొని సిరిసిల్ల వెళ్లాను. అక్క మరాఠీ మరచిపోయింది, తెలుగే చదువుతుంది. చదివి, నన్ను అడిగింది.

“అనుకోని ఆపద అంటే ఏందే చెల్లె?”

“నేను చచ్చిపోతే అని, అక్కా.”

“మరి అట్లనే రాయరాదు?”

నాకు సమాధానం తోచలేదు. తెలుగు ఎం.ఏ. చదివిన నేను, చావు అన్న మాటను పక్కకు తప్పించడానికి మూడు మాటలు వాడాను. అక్క దానిని ఒక్క ప్రశ్నతో ఎదురుగా నిలబెట్టింది. “నీ బిడ్డను చూసుకునేటందుకు నాకు కాయితం ఎందుకే?” అని కలం అందుకోబోయింది.

బావ ఆపాడు.

“ఆగు. చదవకుండ పెట్టెటట్టయితే నన్ను పిలిచేది లేకుండె. మగ్గాలు నెలకు ఎన్ని దినాలు నడుస్తున్నయో తెలుసు గద. మన ఇద్దరు పిల్లల ఫీజులే కడతలేం. రేపు నీ చెల్లెకు ఏమన్నయితే ఇంకో బిడ్డ మనింటికి వస్తది. రావాలె, మనం రాసిచ్చినం గన్క. అప్పుడు సాకలేమంటే ఎట్ల? నేను ఆలోచించుకోవాలె.”

నాకు కోపం వచ్చిన మాట నిజం. ‘ఎవరి బిడ్డో, ఏ కులమో’ అని కూడా అన్నాడు. ఆ మాట దాచను. మరునాడు బస్సులో తిరిగివస్తూ, ఇక బావ సంగతి తేలిపోయింది, మరో బంధువును వెతుక్కోవాలి అనుకొన్నాను. కాని ప్రయాణం సగం దాటేసరికి మరో ఆలోచన వచ్చింది. ఆ కాగితాన్ని కాగితంగా కాక నిజమైన మాటగా చదివినవాడు మా ఇంట్లో ఆయన ఒక్కడే. అక్క ప్రేమతో సంతకం చేయబోయింది. ఆ ప్రేమకు అయ్యే ఖర్చెంతో బావ లెక్క వేశాడు. బిడ్డకు ఆ రెండూ కావాలి.

ఆ మాట నేను ముందే ఆలోచించి ఉండవలసింది. తిరిగివచ్చాక జీవిత బీమా తీసుకొన్నాను. నా భవిష్యనిధి, బీమా సొమ్ము బిడ్డకే చెందేటట్లు, అక్కాబావల పోషణలో ఉన్నంతకాలం ఆమె కోసమే వాడేటట్లు వీలునామా ఎలా రాయాలో వకీలును అడిగి తెలుసుకొన్నాను. అమ్మ పేరిట ఉన్న గది సంగతి అమ్మతో మాట్లాడాను. ఇవన్నీ ఒక తెల్లకాగితంమీద తెలుగులో రాసి బావకు పంపాను. ఆయన జవాబు రాయలేదు. పండుగలు వచ్చాయి, పోయాయి. నారళీ పౌర్ణమినాడు మార్కండేయుని రథం మన వీధిలోకి వచ్చినప్పుడు, పిల్లల కోసం తపస్సు చేసిన మృకండు మహర్షి వంశంవారమని చెప్పుకొనే జనం మధ్య నిలబడి, నాకు వంశం అక్కరలేదు, ఒక సంతకం చాలు అనుకొన్నాను.

ఎనిమిది నెలల తరువాత బావే ఫోను చేశాడు. “కాయితం పంపు. మీ అక్క పెడతది. సాక్షిగ నేను పెడత” అన్నాడు. గృహ పరిశీలనకు సామాజిక కార్యకర్త వచ్చిననాడు ఒకరోజు కూలి వదులుకొని సిరిసిల్ల నుంచి వచ్చి మా గదిలో చాపమీద కూర్చున్నాడు. “ఈ బిడ్డ వస్తే మీరు ఏమవుతారు?” అని ఆమె అడిగింది. బావ కాసేపు ఆలోచించి, “పెదనాయనను” అన్నాడు. ఆ బంధుత్వం పేరు ఏ దరఖాస్తులోనూ లేదు. ఆ ఒక్క మాటతో నా బిడ్డకు కుటుంబం ఏర్పడింది. బిడ్డ మాత్రం ఇంకా రాలేదు.

అనువాదకురాలిని గనుక రెండు మాటల తేడా మీకు చెప్పాలి. 1868లో వితంతువు జ్ఞాతులను అడిగినది అనుమతి. ఈనాటి నిబంధన బంధువును అడుగుతున్నది హామీ. అనుమతి ఇచ్చేవాడు పైన కూర్చుంటాడు. హామీ ఇచ్చేవాడు పక్కన నిలబడతాడు. నేను దత్తత తీసుకోవచ్చునా లేదా అని నిర్ణయించే అధికారం మా బావకు చట్టం ఇవ్వలేదు. నేను లేని రోజున నా బిడ్డకు తోడుంటావా అని మాత్రమే అడిగింది. కాని మన ఇళ్లలో ఈ రెండూ ఒకటే అనుకొంటున్నాము. సంతకం చేయకపోతే ఆమె పెళ్లికి ఒప్పుకొంటుందని, సంవత్సరం గడిస్తే ఆ ఆలోచన మరచిపోతుందని అనుకొంటున్నాము. 

మరచిపోదు. వయసు మాత్రం గడిచిపోతుంది. నాకు పరిచయమైన ఒక ఉపాధ్యాయురాలు ముప్పై తొమ్మిదో ఏట తమ్ముడిని ఈ సంతకం అడిగింది. అతడు చెడ్డవాడు కాదు. ‘చూద్దాం అక్కా’ అన్నాడు. చూస్తూ ఉండగా ఆమెకు నలభై దాటింది. నమోదు నాటి వయసే లెక్క అని ఇందాక చెప్పాను. రెండేళ్లలోపు బిడ్డ ఇక ఆమెకు రాదు. పెద్దబిడ్డకు సంతోషంగానే దరఖాస్తు పెట్టుకొన్నది. పెద్దపిల్లలకు కూడా ఇల్లు కావాలి, వారికి ఇల్లు దొరకడమే కష్టం. కాని అది ఆమె ఎంచుకొన్నది కాదు, తమ్ముడి ఆలస్యం ఎంచినది.

అంతటితో ఆగక, ఈ ఆలస్యం కొందరిని తప్పుదారి పట్టిస్తుంది. దేశంలో నమోదై ఎదురుచూస్తున్నవారు వేలకొద్దీ ఉన్నారు. 2024–25లో దేశమంతటా జరిగిన దత్తతలు 4,515. కాబట్టి నిరీక్షణ సంవత్సరాల మీద ఉంటుంది. అటువంటప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ‘ఫలానా ప్రసూతి ఆసుపత్రిలో బిడ్డ ఉంది, తల్లికి అక్కరలేదు, ఇంత ఇస్తే నోటరీ కాగితం రాయిస్తాను’ అంటారు. ఆ దారి వద్దు. చట్టపద్ధతి తప్పించి జరిపే దత్తతకు మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. బిడ్డను కొనడానికి, అమ్మడానికి ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, జరిమానా. శిక్షకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది: ఆ నోటరీ కాగితంతో వచ్చిన బిడ్డను ఏనాడైనా మీ ఒడిలోనుంచి తీసుకుపోవచ్చు.

కన్నబిడ్డను పెంచలేని స్థితిలో ఉన్న తల్లి కూడా మన వీధిలోనే ఉండవచ్చు. ఆమెను తిట్టకండి, దళారికి అప్పగించకండి. 1098కి ఫోను చేయండి. లేదా బాలల సంక్షేమ సమితి దగ్గరకు తీసుకువెళ్లండి. ఆమె బిడ్డను అప్పగించినా, మనసు మార్చుకోవడానికి చట్టం అరవై రోజులు గడువిస్తుంది. ఆమె వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఇక తండ్రి పేరు. మన కార్యాలయాలలో, బడులలో దరఖాస్తు తీసుకొనేవారు మొదట అడిగేది అదే. ఒక బడి గుమాస్తా ఒక తల్లితో ‘ఏదో ఒక పేరు రాయండమ్మా’ అనడం నేను విన్నాను. ఏదో ఒక పేరు రాయనవసరం లేదు. పెళ్లికాని తల్లి బిడ్డకు తండ్రి పేరు చెప్పాలని నిర్బంధించకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 చివరలో మార్చిన పాస్‌పోర్టు నియమాల ప్రకారం తల్లి, తండ్రి, సంరక్షకులలో ఒక్కరి పేరు చాలు. 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కరే ఉన్న బిడ్డ పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదు. దత్తత ఉత్తర్వు వచ్చాక, దత్తత తీసుకొన్న తల్లి పేరే జనన ధ్రువపత్రంలో తల్లి పేరుగా వస్తుంది. గుమాస్తాకు ఈ సంగతి తెలియకపోతే గొడవ పడకండి. ఈ పుస్తకంలోని ఈ పుట చూపించండి.

బిడ్డకు నిజం చెప్పాలా అని మా అమ్మ అడిగింది. చెప్పాలి. పసితనం నుంచే, కథ చెప్పినట్లు, అన్నం పెడుతూ చెప్పాలి. లేకపోతే వీధి చెబుతుంది. వీధి చెప్పే తీరు వేరు. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలను తెలుసుకోవాలనుకొంటే అందుకు చట్టంలో మార్గం ఉంది. అది తెలిసీ బిడ్డను ప్రేమించాలి. మన భాషలో ‘పెంపుడు’ అన్న మాటను కుక్కకూ, చిలుకకూ కూడా వాడతాము. అందుకని మా ఇంట్లో ఇప్పటినుంచే ఒక నియమం పెట్టుకొన్నాము: ‘పెంపుడు కూతురు’ అనకూడదు, కూతురు అంటే చాలు. అమ్మ ఇంకా అప్పుడప్పుడు తడబడుతుంది. నేర్చుకొంటోంది.

నా నమోదు పూర్తయింది. వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు. ప్రతి ఉదయం ఆ వెబ్‌సైటులో నా వరుస సంఖ్య చూసుకొంటాను. ఒక్కోసారి నెలంతా కదలదు. ఒక్కోసారి నాలుగు స్థానాలు ముందుకు వస్తుంది. ఆ రోజు ఎక్కడో నలుగురు బిడ్డలు ఇళ్లకు చేరి ఉంటారని అనుకొంటాను. నిరీక్షణ నాకు బరువుగా లేదని చెప్పను. రాత్రిపూట, నేను ఎదురుచూస్తున్న బిడ్డ ఇప్పటికే పుట్టిందా, ఎవరి చేతిలో ఉంది అన్న ఆలోచన వస్తుంది. కాని ఒక భయం పోయింది. నేను ఒక్కదాన్నే కాదు.

చివర ఒకటి అడుగుతానని మొదట అన్నాను. ఇక్కడున్నవారిలో దత్తత తీసుకొనేవారు బహుశా ఒకరో ఇద్దరో ఉంటారు. కాని సంతకం అడిగించుకోగలవారు అందరూ. మీ చెల్లెలో, వదినో, మేనకోడలో, పెళ్లికాని తమ్ముడో ఒకనాడు ఈ హామీపత్రం పట్టుకొని మీ గడపలోకి వస్తే, అనుమతి అడగడానికి వచ్చారని అనుకోకండి. చదవండి. ఖర్చు లెక్క వేయండి. భయాలుంటే మా బావలాగా ఎదురుగా చెప్పండి. ఆ భయాలకు వాళ్లచేత జవాబులు రాయించుకోండి. చేయలేమనుకొంటే వెంటనే చెప్పండి, వాళ్లు మరొకరిని అడుగుతారు. చేయగలమనుకొంటే ఏడాది ఆపకండి. ‘చూద్దాం’ అన్న మాట మాత్రం అనకండి.

హామీపత్రం తెలుగు నమూనాను మార్చాను. ‘అనుకోని ఆపద సంభవించినచో’ అన్నచోట ఇప్పుడు ‘దత్తత తీసుకొన్నవారు మరణించినా, బిడ్డను పెంచలేని స్థితికి వచ్చినా’ అని ఉంది. మా అక్క చెప్పిన దిద్దుబాటు అది. ఆ నమూనా కావలసినవారు, మరాఠీ కాగితాలు చదివించుకోదలచినవారు పనివేళల్లో కార్యాలయంలో నా బల్ల దగ్గరకు రండి. చదివి చెబుతాను. రుసుము లేదు.